దెబ్బకు కొలత ఏది?

నిమ్మాడ మీదుగా పోవు జాతీయ రహదారి ఎంతమందిని పొట్టనబెట్టుకొన్నదో ఈ ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఈ గ్రామమున జన్మించి కేంద్రమంత్రియైన కింజరాపు ఎర్రన్నాయుడుగారు సైతము 2012 నవంబరు 2వ తేదీన రణస్థలము చెంత ఈ దారిలోనే అసువులు బాసిరి. తలకు దెబ్బ తగిలినవానిని టెక్కలినుండి శ్రీకాకుళమునకు, అచ్చటినుండి విశాఖపట్టణమునకు తరలించునంతలో పుర్రెలోపల రెండవ నాశనమొకటి సాగుచుండును: మెదడు ఉబ్బును, నరతంతువులు తెగును, దినములు గడచినను కణములు చచ్చుచునేయుండును. దానిని ఆపగల మందు నేటికిని లేదు.

ప్రయత్నలోపమనరాదు. తలదెబ్బ రోగులకు ఏండ్ల తరబడి ఇచ్చుచు వచ్చిన స్టీరాయిడు మరణములను తగ్గింపకపోగా పెంచుచున్నదని, పదివేలమందికి పైగా రోగులతో జరిగిన ‘క్రాష్’ పరీక్ష 2004లో తేల్చినది. జంతువులలో ఎంతో ఆశ గొల్పిన ప్రొజెస్టిరోను 2014లో రెండు పెద్ద పరీక్షలలో నిష్ఫలమైనది. ఇందులకు మందును నిందించుట సులభము. దోషములో పెద్ద పాలు ప్రయోగశాలలోని కొలతదని నా యభిప్రాయము.

ఎలుక మెదడునుండి కోసిన పలుచని ముక్కలను సాగెడు పొరపై బ్రతికించి, ఆ పొరను హఠాత్తుగా లాగి గాయపఱచుట ఒక పద్ధతి. 2013లో లాంకాస్టర్, నోబ్లిక్ ప్రభృతులు వియన్నాలో మానవ మూలకణములనుండి పెంచి చూపిన మెదడు ఆర్గనాయిడులను, అనగా చిన్న కణజాల ముద్దలను, దెబ్బతీయుట మఱియొకటి. ఈ ముద్దలకు రక్తనాళములు లేవు, పుర్రె లేదు, వయస్సు చూడబోయిన గర్భస్థ శిశువుది. ఒక విడత పెరిగినట్లు మఱియొక విడత పెరుగదు. ఈ కొఱతలను శాస్త్రజ్ఞులే ఒప్పుకొందురు. నన్ను కలవరపెట్టునది వేఱొకటి: యంత్రమునకు ఎంత ఒత్తిడి అమర్చినదియు వ్రాసి, కణజాలము నిజముగా ఎంత సాగినదో, ఎంత వేగమున సాగినదో వ్రాయక విడిచెడు అలవాటు. ఒకే ఎలుకనుండి తీసిన ఇరువది ముక్కలు ఒకే సాక్షి ఇరువదిమార్లు చెప్పిన వాఙ్మూలమేగాని ఇరువదిమంది సాక్షులు కారు. దెబ్బ తప్ప తక్కిన తతంగమంతయు అనుభవించిన ముక్కలను ప్రక్కన నిలుపనిచో, కత్తి చంపిన కణములెన్నో యంత్రము చంపినవెన్నో ఎవరు చెప్పగలరు?

ఇట్టి చిక్కు మెదడు పరిశోధనకే పరిమితము కాదు: శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మూత్రపిండ వ్యాధికి కారణము వెదకుచు బృందము వెంట బృందము వచ్చి నీరును నెత్తురును పట్టుకొనిపోయినను, 2023లో పలాసలో పరిశోధన కేంద్రమే వెలసినను, కారణము ఇదమిత్థమని తేలలేదు. ఒకరి ఫలితమును మఱియొకరు అదే కొలతతో సరిచూచుట ఎంత యవసరమో ఇచ్చటివారికి తెలిసినంత ఎవరికి తెలియును?

2023లో కేంద్రప్రభుత్వము క్రొత్త మందుల నియమములను సవరించి, జంతువులకు మాఱుగా మానవకణ నమూనాల ఫలితములను గూడ అంగీకరించినది. సంతోషమే, కాని కొలత కుదురని నమూనాకు ఇక చట్టబలము గూడ తోడగును. హైదరాబాదులో సీసీఎంబీకి అనుబంధమైన ఇంక్యుబేషన్ కేంద్రమున ఇట్టి నమూనాలకై ప్రత్యేక విభాగము గలదు. బెంగుళూరు నిమ్హాన్సులో 1995 నుండి మెదడు నిధి గలదు. ప్రమాదమృతుల కుటుంబములు దుఃఖములోనే సమ్మతించి యిచ్చిన మెదళ్లు అచ్చట భద్రముగ నున్నవి. ధనమిచ్చు ఐసీఎంఆర్ రెండు నగరములలోను ఒకే విధానమున, ఏ ముక్క దెబ్బ తిన్నదో లెక్కించువానికి తెలియనీయక ప్రయోగము చేయించి, నిమ్హాన్సు నిధితో పోల్పించి, విఫలమైనను ప్రకటింపజేయవలెను. ఆలస్యమగునందురు, వేలమంది రోగులపై వ్యర్థపరీక్ష జరుపుటకంటె అది ఆలస్యమా? ఆ విధానమును వ్రాయునప్పుడు లారీ తాకిడిని మాత్రమే తలపెట్టుకొనక, ఉద్దానమున కొబ్బరిచెట్టునుండి జారిపడినవాని దెబ్బకు గూడ వేఱుగ ఒక కొలతను నిర్ణయింపవలెను.