లప్పం ఎక్కడ ఆపాలి?

సొంత షెడ్డులో విమానం కట్టుకునే అమెరికన్ల మధ్య ఒక పాత హాస్యం తిరుగుతూ ఉంటుంది: పని 90 శాతం అయిపోయింది, ఇక మిగిలింది 90 శాతమే అని. ఆ రెండో 90లో పెద్ద ముక్కను ఫైబర్‌గ్లాస్ నున్నచేసే పనే మింగేస్తుంది. రెక్కలు బిగించారు, ఇంజను కూర్చోబెట్టారు, వైరింగు అయిపోయింది. ముక్కుకు తొడిగే కౌలింగు, చక్రాల తొడుగులు, రెక్కల కొసలు మాత్రం లప్పం మరకలతో నెలల తరబడి బల్ల మీదే పడి ఉంటాయి. ఎంతవరకు రుద్దాలి అన్న దగ్గర వాళ్లు రెండు వర్గాలుగా చీలిపోతారు. మొహం కనిపించేదాకా రుద్దాల్సిందేనని ఒకరు, ఎగిరేదానికి సోకులెందుకని మరొకరు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. ఇద్దరూ కొంత తమను తాము మభ్యపెట్టుకుంటున్నారు కూడా.

ముందు ఏ విమానం గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఒరెగాన్‌లోని వ్యాన్స్ సంస్థ కిట్లతో కట్టే ఆర్వీ విమానాలు ప్రధానంగా అల్యూమినియంవి. ఫైబర్‌గ్లాస్ వాటిలో అంచులకే పరిమితం. రివెట్లు కొట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి కూడా కౌలింగు దగ్గరికొచ్చేసరికి డీలా పడతాడు. బర్ట్ రూటన్ డిజైన్లు దీనికి పూర్తిగా భిన్నం. 1975లో ఎగిరిన వారీఈజీ, 1979లో ఎగిరిన లాంగ్-ఈజీ నిలువెల్లా ఫైబర్‌గ్లాసే. నురుగు దిమ్మను వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, దాని మీద గాజు గుడ్డ పరిచి, ఎపాక్సీ పట్టిస్తారు. అచ్చు అంటూ ఏమీ ఉండదు కాబట్టి పైన తేలేది గుడ్డ నేతే, దాన్ని నున్నచేసే భారమంతా కట్టేవాడిదే. (బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ కూడా 1980ల్లో లాంగ్-ఈజీ నమూనాగా ఒక చిన్న పరిశోధన విమానాన్ని కట్టి ఎగరేసింది. అందుకని ఇది మనకు బొత్తిగా తెలియని సంగతేమీ కాదు.)

సహనాన్ని పరీక్షించేవి సూది బెజ్జాలు. గుడ్డలో పోగుల మధ్య చిక్కుకున్న గాలి చిన్న చిన్న గుంటలుగా మిగిలిపోతుంది. ప్రైమర్ కొడితే ఆ గుంట మూతి మీద పల్చటి పొర కట్టి, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. ఆరేటప్పుడు లోపలి గాలి, ద్రావకం పొరను పొడుచుకుని బయటికొస్తాయి, బెజ్జం మళ్లీ ప్రత్యక్షం. ఇంకో పూత, ఇంకోసారి రుద్దుడు, ఇంకో బెజ్జం. అనుభవజ్ఞులు చేసేది వేరు. భాగాన్ని ముందు కాస్త వేడిచేసి, అది చల్లారుతుండగా ఉత్త ఎపాక్సీని ప్లాస్టిక్ రేకుతో పల్చగా లాగుతారు. చల్లారే కొద్దీ లోపలి గాలి కుంచించుకుపోయి ఎపాక్సీని తనే లోపలికి పీల్చుకుంటుంది. అదే పని పొద్దున్నే మొదలుపెట్టి, పూత మీద ఎండ ఎక్కనిచ్చారో, గాలి వ్యాకోచించి బుడగలు తేలతాయి. ఎపాక్సీ డబ్బా మారలేదు, పని వేళ మారిందంతే.

ఇక నునుపు పక్షం వారి బలమైన వాదన గాలి ప్రవాహానిది. లాంగ్-ఈజీకి ముందున్న చిన్న రెక్కకు, అంటే కనార్డుకు, మొదట్లో వాడింది గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పుట్టిన రెక్క కోత, అంటే రెక్కను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం. గాలి పొరలు చెదరకుండా ఉపరితలాన్ని అంటిపెట్టుకుని జారితేనే అది సరిగ్గా పనిచేసేది. వాన చినుకులు పడినా, పురుగులు అతుక్కున్నా ప్రవాహం చెదిరి లిఫ్టు, అంటే పైకెత్తే బలం, తగ్గేది. ముక్కు కిందికి వాలబోయేది, పైలట్ కర్రను వెనక్కి లాగి పట్టుకోవాల్సి వచ్చేది. దీన్ని బట్టి చూస్తే రుద్దినంత మేలు అనిపిస్తుంది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఎంత మెరిపించినా వాన ఆగదు కదా! ఆ చిక్కును తీర్చింది పాలిష్ కాదు, ఏరోడైనమిక్స్ నిపుణుడు జాన్ రాంజ్ గీసిన కొత్త కోత. వానలోనూ లిఫ్టు పోగొట్టుకోని ఆకారం అది. కాబట్టి గాలి లెక్కచేసేది ముందు ఆకారాన్ని. రెక్క ముందు అంచు మీద తిన్నటి బద్ద ఆనించి చూస్తే ఎత్తుపల్లాలు తెలిసిపోతాయి, వాటిని సరిచేయడం తప్పనిసరి పనే. ఆ పైన వచ్చే మెరుపు చాలావరకు చూసేవాళ్ల కోసం.

ఎండ మాటెత్తితే మాత్రం నునుపు పక్షానికి ఎదురు లేదు. ఎపాక్సీ అతినీలలోహిత కిరణాలకు క్రమంగా పాడైపోతుంది. దాని మీద కాంతిని ఆపే ప్రైమరూ రంగూ ఉండి తీరాలి. రూటన్ తరహా విమానాలు చాలావరకు తెల్లగా కనిపించడానికి కారణం అందం కాదు. ముదురు రంగు ఎండలో కాగితే, మామూలు వేడిలో గట్టిపడిన ఎపాక్సీ మెత్తబడే ప్రమాదం ఉంది. కౌలింగు లోపలి వైపు పరిస్థితీ ఇంతే: అక్కడ ఎపాక్సీ పూతతో మూసేయకపోతే ఇంజను ఆయిల్ గుడ్డలోకి ఇంకుతుంది. ఆ తర్వాత దాని మీద ఏదీ సరిగా అంటుకోదు.

అవతలి పక్షం తూకం తీసుకొస్తుంది. లెక్క తేలికే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు లప్పం అంటే ఒక లీటరు. ఎపాక్సీలో బోలు గాజు పూసల పొడి కలిపిన తేలిక లప్పమైనా లీటరుకు అర కిలో ఉంటుంది, ఉత్త ఎపాక్సీ అయితే కిలో దాటుతుంది. లాంగ్-ఈజీ పైనా కిందా కలిపి పదుల చదరపు మీటర్లు. నిండు బరువుతో ఎగరడానికి దానికి పెట్టిన పరిమితే సుమారు 600 కిలోలు. రుద్దాక చాలా లప్పం దుమ్ముగా నేల మీదికే పోతుంది, నిజమే. అయినా పల్లం కనబడ్డ ప్రతిచోటా మెత్తిన మనిషి తనకు తెలియకుండానే ఓ ప్రయాణికుడి సామాను అంత బరువు శాశ్వతంగా ఎక్కించుకుంటాడు.

కిలోల కంటే నన్ను భయపెట్టేది ఆ బరువు చేరే చోటు. విమానాన్ని తిప్పడానికి కదిలే రెక్క ముక్కలైన ఎలివేటరుకు, ఐలరాన్‌కు కీలు ముందు, వెనక బరువు సరితూగాలి. లేకపోతే వేగం పెరిగినప్పుడు ఆ రెక్క ముక్క దానంతటదే కొట్టుకోవడం మొదలుపెట్టవచ్చు, ఫ్లటర్ అనేది అదే. విమానాన్ని ముక్కలు చేయగలదు. కీలుకు 30 సెంటీమీటర్ల వెనక 50 గ్రాముల లప్పం చేరితే, కీలుకు 10 సెంటీమీటర్ల ముందు 150 గ్రాముల సీసం కావాలి. వెనక అంచున చేసిన సోకుకు మూడింతల జరిమానా అన్నమాట.

ఇంకొకటి, రుద్దుడే ప్రమాదం. గాజు గుడ్డ ఒక్కో పొర మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. రూటన్ రెక్కల్లో బలమంతా అలాంటి కొద్ది పొరల్లోనే ఉంది. ఉబ్బెత్తుగా ఉన్న చోట చుట్టూ ఉన్న పల్లాన్ని లప్పంతో నింపడం మానేసి ఆ ఉబ్బునే అరగదీస్తే కొండ నాలుకకు మందేసినట్టే. పల్లం నింపాలి, గుడ్డ జోలికి పోకూడదు. గరుకు కాగితాన్ని చేత్తో కాక పొడుగాటి బద్దకు అతికించి రుద్దమనడం కూడా ఇందుకే: అరచెయ్యి మెత్తగా ఉంటుంది, పల్లాల వెంట పోయి వాటిని ఇంకా లోతు చేస్తుంది.

బయటి పెయింటరుకు అప్పగించేస్తే పోదా? అమెరికా నిబంధన ప్రకారం నిర్మాణంలో సగానికి మించిన పని చదువుకోసమో సరదాకోసమో సొంతంగా చేసుకున్నదై ఉండాలి. రంగు పని బయటికిస్తే దానికి భంగం లేదు. కార్ల డెంటింగ్ పనివాడి చెయ్యి మనకంటే ఎంతో నేర్పుగలది, రంగు వరకు నేనైతే నిశ్చింతగా ఇచ్చేస్తాను. లప్పం మాత్రం ఇవ్వను. కారు తలుపు మీద మరో అర కిలో పడితే అడిగేవాడు లేడు, మిషను పెట్టి రుద్దితే కింద ఉన్నది రేకు. ఆ అలవాటు ఎలివేటరు మీదికి రాకూడదు.

ముందు ఎగిరి తర్వాత రంగు వేసుకుందాం అనే వాళ్లతో నేను దాదాపు ఏకీభవిస్తాను. కొత్త విమానానికి మామూలుగా 25 లేదా 40 గంటల పరీక్షా కాలం పెడతారు. ఇంజను వేడెక్కుతోందని కౌలింగు నోరు కోయాల్సి రావచ్చు, చక్రాల తొడుగులు వంకరగా ఉన్నాయని తిప్పి బిగించాల్సి రావచ్చు. ఓష్‌కోష్ విమాన ప్రదర్శనలో న్యాయనిర్ణేతల మెప్పు కోసం ముందే మెరిపించిన కౌలింగును ఆ తర్వాత రంపంతో కోయడానికి ఎవరికీ మనసొప్పదు, కోయాల్సిన చోట కోయకుండా సర్దుకుపోతారు. అయితే మామూలు ప్రైమర్ తేమనూ ఆయిల్‌నూ పీల్చుకుంటుంది. అందుకని ముందు బెజ్జాలు ఎపాక్సీతో మూయాలి, కాంతిని ఆపే పూత వేయాలి, విమానాన్ని ఎండలో కాక హ్యాంగరులో ఉంచాలి. ఈ మూడూ కుదిరితే మచ్చల విమానంతో పరీక్షా కాలం పూర్తిచేయడంలో నామోషీ ఏమీ లేదు. ఎలివేటర్లు, ఐలరాన్లు మాత్రం మొదటిసారి ఎగిరేముందు ఒకసారి, ఆఖరి రంగు ఆరాక మరోసారి కీళ్ల మీద తూచి చూడాలి. రెండోసారి తేడా వస్తే సీసం ఇంకొంచెం కలపాలి, అది పట్టే చోటు లేకపోతే వేసిన రంగును గీకేయాలి.