పరదేశంలో పంతులుగిరీ

ఇంగ్లీషు వస్తే చాలు, ఇంగ్లీషు చెప్పవచ్చుననుకునేవారు మా మార్కాపురంలో చాలామందే ఉన్నారు. తెలుగు వచ్చిన ప్రతివాడూ తెలుగు చెప్పగలిగితే నా ఎమ్మే చదువు దండగే గదా!

మొన్న నా పాత శిష్యురాలొకతె, పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కూతురు, వచ్చింది. "మాష్టారూ! నెల రోజుల్లో సర్టిఫికెట్టిచ్చి కొరియా పంపుతారట. మా నాయన గిద్దలూరు దగ్గరి ఎకరా అమ్ముతానంటున్నాడు" అంది.

అమ్మవద్దన్నాను. కేంబ్రిడ్జి వారి సెల్టాకు కనీసం 120 గంటల శిక్షణ ఉంటుంది. అందులో ఆరు గంటలు, పరిశీలకుడు చూస్తుండగా, నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. వీడియోలు చూసి సంపాదించిన కాగితానికి ఆ బరువెక్కడిది? పైగా ఇంగ్లీషు చెప్పేందుకు కొరియా ఇచ్చే ఈ-2 వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్ వంటి ఏడు దేశాల పౌరులకే. 2010లో అమలైన ఒప్పందంతో మనవాళ్ళకు సహాయక ఉపాధ్యాయులుగా సందు దొరికిందిగాని, డిగ్రీతోబాటు ఇంగ్లీషు ఉపాధ్యాయ అర్హత కూడా అడుగుతారు. ఎవరికీ ఆనని బి.ఎడ్.కు అక్కడ పని పడుతుందన్నమాట!

1958లో హైదరాబాదులో వెలసిన ఇంగ్లీషు సంస్థే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. విదేశీయులే అక్కడికి వచ్చి ఇంగ్లీషు నేర్చుకుంటారు. బోధనలో డిప్లొమా అక్కడా ఉంది.

మీ ఇంట్లోనూ ఇటువంటి మోజు పుడితే, డబ్బు కట్టకముందే మూడు ప్రశ్నలడగండి. పిల్లల ముందు పాఠం చెప్పిస్తారా? తప్పులు దిద్దేదెవరు? మన పాస్‌పోర్టుకు ఆ దేశం వీసా ఇస్తుందా? మూడోదానికి జవాబు ఏజెంటు నోట గాక, ఆ దేశపు రాయబార కార్యాలయం నుంచే రావాలి సుమా!