కొటేషన్ మీద నెలలు రాయండి

"ముప్పై రోజుల్లో గూగుల్ మొదటి పేజీ. రాకపోతే డబ్బు వాపస్." విజయవాడలో చిన్నదో పెద్దదో వ్యాపారం చేసుకునే ఎవరి వాట్సాప్ చూసినా ఈ మెసేజ్ ఉంటుంది. వెబ్‌సైట్లు చేసిపెట్టడమే నా బతుకుతెరువు అయినా నాకూ వస్తుంది. గాంధీనగర్‌లో మేడ మీద ఒక గదిలో నలుగురం కూర్చుని పనిచేసే ఆఫీసు నాది. అంతకుముందు చాలా ఏళ్లు ఒక ప్రెస్సులో డీటీపీ చేశాను. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే పోస్టర్లు. అక్కడ ఒక మర్యాద ఉండేది. కార్డులు ఏ తేదీకి ఇస్తామో బిల్లు పుస్తకంలో రాసి చింపి చేతికిచ్చేవాళ్లం. ముహూర్తం దాటాక వచ్చిన శుభలేఖ ఎవరికి కావాలి? ఈ లైనులోకి వచ్చాక ఆ మర్యాద ఎక్కడా కనపడలేదు. ధర రాస్తారు, ఎన్ని పేజీలో రాస్తారు, హోస్టింగ్ ఎంతో రాస్తారు. వెతికినవాళ్లకు ఆ సైట్ ఎన్నాళ్లకు కనపడుతుందో మాత్రం రాయరు. రాసి తీరాలంటాను.

రాయడానికి అంకె లేక కాదు. గూగుల్ ఉద్యోగి మైలీ ఓయే 2017లో ఆ సంస్థ పెట్టిన వీడియోలోనే చెప్పారు: చాలా సందర్భాల్లో నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని. సైట్‌లో మార్పులు చేయడం మొదలుపెట్టి, వాటి వల్ల మేలు కనపడేదాకా అన్నమాట. మొదటి స్థానం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరనీ, డబ్బు తీసుకుని ఏ సైట్‌నీ పైకి ఎక్కించమనీ కూడా గూగుల్ తన సహాయ పేజీల్లో రాసిపెట్టింది. సెర్చ్ లెక్కలు తీసే అహ్రెఫ్స్ సంస్థ 2017లో ఇరవై లక్షల కొత్త పేజీలను గమనిస్తే, ఏడాది లోపు ఏదో ఒక మాటకైనా మొదటి పది ఫలితాల్లోకి వచ్చినవి 5.7 శాతం. 2025లో మళ్లీ చూస్తే 1.74 శాతానికి పడిపోయింది. ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన పేజీలు కూడా ఆ లెక్కలో ఉంటాయి కాబట్టి బెంబేలు పడక్కర్లేదు. కానీ ముప్పై రోజుల మాట చెప్పేవాడి ముందు ఈ అంకె పెట్టి అతని మొహం చూడండి.

మంగళగిరిలో మగ్గాలున్న ఒక కుటుంబానికి సైట్ చేశాం. చీరలు, డ్రెస్ మెటీరియల్, పంచెలు. నెల తిరక్కుండానే ఆ ఇంటి పెద్దాయన ఫోన్ చేశారు.

"అమ్మా, మంగళగిరి చీరలు అని కొట్టి చూశాను. మూడు పేజీలు తిప్పాను. మన కొట్టు లేదేం?"

"వస్తుంది బాబాయ్ గారూ, ఇంకా టైం పడుతుంది."

"టైం అంటే? దసరాకా, సంక్రాంతికా?"

ఆయన అడిగిన పద్ధతే సరైనది. బట్టల వ్యాపారికి ఏడాది నెలల్లో నడవదు, పండగల్లో, పెళ్లిళ్ల సీజన్లలో నడుస్తుంది. శ్రావణమాసం చీరలు ఆన్‌లైన్లో అమ్ముకోవాలనుకుంటే ఉగాదికి సైట్ మొదలుపెట్టడం ఆలస్యమే. అంతకు ముందు దసరాకు మొదలుపెడితే ఊపిరి తీసుకునే వీలుంటుంది. ఆయన మాత్రం ఆషాఢంలో వచ్చారు. అందుకే ఆ ఏడాది శ్రావణం మీద ఆశ పెట్టుకోవద్దని, వచ్చే శ్రావణానికే ఇదంతా అని కాగితం మీద రాసి ఇచ్చాను.

తర్వాత ఆయన పక్కన కూర్చుని సెర్చ్ కన్సోల్ తెరిచి చూపించాను. గూగుల్ ఉచితంగా ఇచ్చే లెక్కల పుస్తకం అది. సైట్ యజమానుల్లో చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు. ఊదారంగు గీత ఇంప్రెషన్లది, అంటే మన పేజీని ఫలితాల్లో ఎవరికో చూపించిన లెక్క. నీలం గీత క్లిక్కులది, అంటే అక్కణ్నుంచి లోపలికి వచ్చినవాళ్లు. ఊదా గీత మెల్లగా లేస్తోంది, నీలం గీత నేలకు అంటుకుని ఉంది. సగటు స్థానం డెబ్బైల్లో ఉంది. పేజీకి పది ఫలితాల లెక్కన ఎనిమిదో పేజీ. సొంత కొట్టు కోసం వెతికిన ఆయనే మూడో పేజీ దగ్గర ఆగిపోయారు.

గీతల కింద, జనం ఏం టైప్ చేస్తే మన పేజీ కనపడిందో ఆ మాటల జాబితా ఉంటుంది. అందులో ఒక ప్రశ్న, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగులో: మంగళగిరి కాటన్ ఫస్ట్ టైం ఉతికితే కలర్ పోతుందా. పెద్దాయన నవ్వేశారు. "ఇది రోజూ ఫోన్లో అడిగేదే కదమ్మా!" అయితే ఫోన్లో చెప్పే జవాబే రాద్దామన్నాను. ఏ రంగులు మొదట్లో కాస్త దిగుతాయి, ఉప్పు నీళ్లలో నానబెట్టమంటారా వద్దా, గంజి ఎంత పెట్టాలి, మగ్గం నేతకూ పవర్‌లూమ్ గుడ్డకూ తేడా ఎక్కడ చూడాలి, నిజాం అంచు అంటే ఏది. ఆయన చెబుతుంటే మా ఆఫీసు అమ్మాయి టైప్ చేసింది. గుంట మగ్గం దగ్గరే నిలబడి ఫోటోలు తీశాం. ఆ పేజీలు నాలుగైదు నెలలకే పైకి వచ్చాయి. వాటిని చదివినవాళ్లే కొట్టుకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు, అందులో డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి కూడా. ఆయన మొదట కొట్టి చూసిన "మంగళగిరి చీరలు" అన్న మాటకు మాత్రం ఇప్పటికీ పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంస్థలే ముందుంటాయి. ఉండనీ. ఆ మాట కొట్టేవాళ్లలో కొనేవాళ్లకన్నా ఊరికే చూసిపోయేవాళ్లే ఎక్కువ.

అసలు ఇంత కాలం ఎందుకు పడుతుందంటే, ముందు గూగుల్‌కు ఆ సైట్ పుట్టిందనే సంగతి తెలియాలి. వేరే ఏ సైట్ నుంచీ లింకు లేని కొత్త సైట్ దాని కంటపడదు. సైట్‌మ్యాప్, అంటే మన పేజీల జాబితా, ఇచ్చి చెప్పుకోవాలి. చెప్పాక కూడా వచ్చి చదవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చని గూగులే అంటుంది. ఇండెక్స్‌లో, అంటే గూగుల్ తన దగ్గర దాచుకునే పేజీల పట్టీలో, పెట్టమనే బటన్‌ను రోజూ నొక్కినా పని తొందరగా కాదు. చదివినవన్నీ దాచుకుంటుందనీ లేదు. "చదివాం, ప్రస్తుతానికి ఇండెక్స్‌లో పెట్టలేదు" అని సెర్చ్ కన్సోల్‌లో మొహం మీదే చెబుతుంది. ఇండెక్స్‌లోకి వెళ్లాక అసలు పోటీ మొదలవుతుంది. గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫోర్డ్‌లో చదువుకుంటూ కట్టిన పేజ్‌ర్యాంక్ ఆలోచన, 1998లో కంపెనీ పెట్టకముందుదే, ఇవాళ్టికీ లోపల ఎక్కడో పనిచేస్తూనే ఉంది: నిన్ను ఎవరెవరు తలుస్తున్నారు, ఆ తలిచేవాళ్లకు పరపతి ఎంత. కొత్తగా బోర్డు పెట్టిన డాక్టరు దగ్గరికి ఊరు ఊరంతా మొదటి రోజే వెళ్లదు కదా. ఎవరికో నయమై, వాళ్లు ఇంకొకరికి చెప్పాలి.

ఆ చెప్పించే పనిని కొనుక్కుందామని చూసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వెయ్యి బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి మన సైట్‌కు లింకులు, ఇంత అని ప్యాకేజీలు అమ్ముతారు. అలాంటివాటిని పట్టుకోవడానికే గూగుల్ 2012లో పెంగ్విన్ అనే అప్‌డేట్ తెచ్చింది. కొన్న లింకులతో ఎక్కిన సైట్లు ఆ దెబ్బకు కిందికి జారాయి. అప్పటి నుంచి లింకుల తూకం బిగుస్తూనే ఉంది.

ఇన్ని చెప్పి గూగుల్ మీదే నెపం వేయడం కూడా న్యాయం కాదు. నా దగ్గరికి బాగుచేయమని వచ్చే సైట్లలో, పోయిన నెలలు చాలావరకు మనవాళ్ల చేతుల్లోనే పోయాయి. వర్డ్‌ప్రెస్‌లో రీడింగ్ సెట్టింగుల కింద, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే చిన్న టిక్ పెట్టె ఒకటుంటుంది. సైట్ తయారయ్యేటప్పుడు టిక్ పెడతారు, తీయడం మరిచిపోతారు. ఒక నర్సరీ ఆయన సైట్ అలా ఏడాది పైగా మూగగా పడి ఉంది, చేసిన కుర్రాడేమో ఎస్ఈఓ, అంటే సెర్చ్‌లో సైట్‌ను పైకి తెచ్చే పని, పేరుతో నెలనెలా డబ్బులు వసూలు చేస్తూనే ఉన్నాడు. టిక్ తీయడానికి నాకు అర నిమిషం పట్టింది.

ఇంకోటి తెలుగువాళ్లకే వచ్చే చిక్కు. కరపత్రం కోసం ప్రెస్సులో అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్ ఇచ్చి, ఇదే వెబ్‌సైట్‌లో పెట్టమంటారు. అది ఏ కంప్యూటరైనా తెలుగుగా చదవగల యూనికోడ్ కాదు. నేరుగా పేస్ట్ చేస్తే తెరమీద పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకని చాలామంది దాన్ని బొమ్మగా మార్చి అతికిస్తారు. కంటికి చక్కగా తెలుగే కనపడుతుంది, ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ పేజీ కోడ్‌లో ఒక్క తెలుగు మాట ఉండదు, ఒక జేపెగ్ పేరు తప్ప. పన్నెండు పేజీల సైట్, గూగుల్ లెక్కలో తెల్ల కాగితాలతో సమానం. ఆ ఫాంట్లతోనే బతికినదాన్ని కాబట్టి నాకు చూడగానే తెలిసిపోతుంది. కన్వర్టర్లో వేసి, విరిగిన వత్తులూ గుణింతాలూ చేత్తో సరిచేసి పెడతాం. తెలుగులో మంచి పేజీలు ఇంకా తక్కువే కాబట్టి, సరిగ్గా రాసిన తెలుగు పేజీ ఇంగ్లీషు పేజీకన్నా ముందే పైకి రావడం నేను చూస్తున్నాను. వెతికేవాళ్ల సంఖ్య కూడా తక్కువే అనుకోండి, పైగా సగంమంది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు.

కొన్ని నెలలు ఎవరి చేతిలోనూ ఉండవు. కొత్త సైట్ మొదట కాస్త పైకి వచ్చి, ఏ కారణమూ లేకుండా కిందికి పోయి, కొన్నాళ్లు అక్కడే పడి ఉండటం మా లైనులో అందరూ చూసేదే. దీన్ని శాండ్‌బాక్స్ అంటారు. అలాంటిదేమీ లేదని గూగుల్ వాళ్లు ఎన్నోసార్లు చెప్పారు. 2024 మేలో గూగుల్ అంతర్గత పత్రాలు కొన్ని బయటపడితే, అందులో కొత్తగా వచ్చే స్పామ్ కోసం సైట్ వయసును చూసే అంశం ఒకటి కనపడి మావాళ్లు పండగ చేసుకున్నారు. ఆ పండగ వల్ల ఎవరి సైటూ పైకి రాలేదు. దీనికి తోడు, ఫలితాలను వరసపెట్టే లెక్కనే గూగుల్ మార్చే కోర్ అప్‌డేట్లు ఏడాదికి కొన్నిసార్లు. 2024 మార్చి 5న మొదలైనది ఏప్రిల్ 19 దాకా, 45 రోజులు సాగింది. ఆ మధ్యలో ఫోన్ చేసి "నిన్న ఐదో స్థానం, ఇవాళ పంతొమ్మిది, ఏం చేశారు?" అంటే ఏం చెప్పను?

2024 ఆగస్టులో ఏఐ ఓవర్‌వ్యూలు మన దేశానికీ వచ్చాక, ఏడాది ఆగి పైకి వచ్చిన పేజీకి కూడా రావాల్సిన క్లిక్కులన్నీ రావట్లేదు. చీర ఎలా ఉతకాలో గూగులే పైన నాలుగు ముక్కల్లో చెప్పేస్తోంది. చీర కావాలంటే మాత్రం ఇంకా కొట్టుకే రావాలి. అందుకే సమాచారం పేజీలోనే సరుకు, ఫోన్ నంబరు, ధర ఉండాలంటాను.

మరి ముప్పై రోజుల వాళ్లు ఏదో చూపించే డబ్బులు తీసుకుంటారు కదా అంటే, చూపిస్తారు. మీ కొట్టు పేరూ ఊరి పేరూ కలిపి కొట్టి మొదటి స్థానం చూపిస్తారు. ఆ పేరు ప్రపంచంలో ఇంకెవరికీ లేకపోతే ఎవరొస్తారు మొదట? లేదా మీ కొట్లోనే నిలబడి మీ ఫోన్లో వెతికిస్తారు. దగ్గర్లో ఉన్నవాటిని గూగుల్ ముందు చూపిస్తుంది కాబట్టి మీరే వస్తారు, గుంటూరులో ఉన్నవాళ్లకు రారు. అన్నిటికన్నా దుర్మార్గం, ప్రకటన కొని ఇదే ఎస్ఈఓ అని చెప్పడం. పైన చిన్న అక్షరాల్లో స్పాన్సర్డ్ అని ఉంటుంది. డబ్బు ఆపిన రోజే అది మాయం.

నిజానికి నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి ఈ ఏడాది నిరీక్షణ అక్కర్లేదు. పళ్ల డాక్టరుకు, కర్రీ పాయింటుకు, ఏసీ మెకానిక్కుకు కావాల్సింది గూగుల్ మ్యాప్‌లో సరైన లిస్టింగ్. బోర్డు కనపడేలా వీడియో తీసి వెరిఫై చేయించుకోవడం, టైమింగ్స్ సరిగ్గా పెట్టడం, వచ్చినవాళ్లను రివ్యూ రాయమని అడగడం. దాని ఫలితం వారాల్లో తెలుస్తుంది. ఈ మాట చెబితే నాకు సైట్ ఆర్డర్ పోతుంది. పోనీ, వాళ్లు పంపించే బేరాలు తర్వాత వస్తున్నాయి.

సైట్ కావాల్సినవాళ్లకు ఇచ్చే కొటేషన్ మీద ఇప్పుడు ధర కిందే రాస్తున్నాను. మొదటి నెల: ఇండెక్స్‌లోకి ఎక్కిన పేజీలు చూపిస్తాం. మూడో నెల: ఇంప్రెషన్ల గీత చూపిస్తాం, క్లిక్కులు అడగొద్దు. ఆరో నెల: చిన్న చిన్న ప్రశ్నలకు మొదటి రెండు పేజీల్లో కనపడాలి, లేకపోతే ఎందుకో లిఖితంగా చెబుతాం. ఏడాది: ఫోన్లు. డొమైన్, హోస్టింగ్, సెర్చ్ కన్సోల్ మూడూ మీ పేరు మీద, మీ ఈమెయిల్ మీద ఉంటాయి. ఈ చివరి వాక్యాన్ని లావు అక్షరాల్లో వేయిస్తాను. మనిషిని మార్చినప్పుడు పాస్‌వర్డులు అతని దగ్గరే ఉండిపోయి, వేరే పేరుతో మళ్లీ సున్నా నుంచి మొదలెట్టినవాళ్లను చాలామందిని చూశాను.

అది చదివి కొందరు లేచి వెళ్లిపోతారు. పక్క వీధిలో నెలలో చేస్తానన్నారంటారు. వెళ్లండి, కానీ రెండు ప్రశ్నలు అడగండి: ఏ మాటకు మొదటి పేజీ? ఆ మాటను నెలకు ఎంతమంది వెతుకుతున్నారు? రెండింటికీ నిజమైన జవాబు చెప్పి నెలలో చేసి చూపిస్తే, అతని నంబరు నాకూ పంపండి. మా ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.