కాటా ఎక్కే ముందు ఆ దీపాన్ని చూడండి

తెనాలిలోనో రేపల్లెలోనో పాత మండువా ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇస్తున్నారంటే, దూలానికి వేలాడే రంగుగాజు దీపం కూడా పాత సామాన్ల కాటా ఎక్కేస్తుంది. ఇత్తడికి కిలో లెక్కన డబ్బులిస్తారు, గాజుకి సున్నా. చాలాసార్లు ఆ రెండింట్లో విలువైనది గాజే.

ముందు ఒక గందరగోళం వదిలించుకుందాం. ఇన్‌స్టాలో ‘యాంటిక్ స్టెయిన్డ్ గ్లాస్’ అని కనిపించేవి ఎక్కువగా టిఫనీ రకం. చిన్న చిన్న గాజుముక్కల అంచులకి రాగి రేకు చుట్టి, టంకం పెట్టి అతికిస్తారు. న్యూయార్క్‌లో లూయీ కంఫర్ట్ టిఫనీ 1890ల్లో మొదలుపెట్టిన పని అది. పేరున్న డిజైన్లు చాలావరకు క్లారా డ్రిస్కాల్ అనే ఆవిడవి. అసలైనవి వేలంలో లక్షల డాలర్లు పలుకుతాయి. కాబట్టి ఐదు వేలకి ‘ఒరిజినల్ టిఫనీ’ అంటే నవ్వుకుని స్క్రోల్ చేసేయండి. అడుగున ముద్ర ఉందంటారా? నకిలీల్లో అన్నిటికన్నా తేలికైన పని ముద్ర కొట్టడమే.

మన డెల్టా ఇళ్లలో దొరికేవి వేరే జాతి. కిరసనాయిలు రోజుల్లో యూరప్ నుంచి ఓడల్లో దిగినవి, ఒకే గాజు షేడుతో. వీటికి నేనైతే వత్తి తిప్పే చిన్న చక్రం ముందు చూస్తాను. కంపెనీ పేరు తరచుగా అక్కడే ఉంటుంది. వియన్నా డిట్మార్ పేరు కనిపిస్తే ఆ దీపాన్ని కాటా మీంచి దించేయండి. ‘మేడ్ ఇన్ జర్మనీ’ లాంటి రాత ఉంటే అది బహుశా 1887 తర్వాతిది. విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలని బ్రిటన్ చట్టం చేసింది ఆ ఏడే.

తర్వాత గాజు. లోపల ఫోన్ టార్చ్ పెట్టండి. సన్న బుడగలు, కొంచెం ఎగుడుదిగుడు మందం ఉంటే మంచిదే. అంచు దగ్గర రంగు పొర పెచ్చులుగా లేస్తుంటే అది పెయింటు. కానీ తెల్లగాజు మీద పల్చటి ఎర్రగాజు పొర కరిగి అతుక్కుని ఉంటే అది నకిలీ కాదు, పాత బొహీమియా పనితనం కూడా అంతే. యూవీ టార్చ్ వేస్తే పచ్చగా మెరిసేది యురేనియం కలిపిన గాజు. అలాంటివి ఇప్పటికీ చేస్తున్నారు, కాబట్టి మెరుపు ఒక్కటే చూసి మురిసిపోకండి.

అరుగుదల అబద్ధం చెప్పదు. గొలుసు కొక్కెం దగ్గర, చెయ్యి పడే చోట అరగాలి. బాపట్ల వైపు సూర్యలంక ఉప్పుగాలికి ఇత్తడి మడతల్లో చిలుం మచ్చలుమచ్చలుగా పడుతుంది. మొత్తం ఒకే రంగులో నల్లగా ఉంటే ఎవరో యాసిడ్ పూశారేమో అనుమానించాలి. ‘శుభ్రం చేసి చూపిద్దాం’ అని అమ్మమ్మ చింతపండు తెచ్చేలోపే ఆపండి. ఆ తోముడుకి పాతదనంతో పాటు అక్షరాలూ పోతాయి.

కరెంటు కోసం నూనె బుడ్డికి రంధ్రం చేశారేమో కూడా చూడండి, ధర అక్కడే సగం పడిపోవచ్చు. షేడుకి సన్న పగులున్నా అంతే. ముక్కల దీపంలో ఒక ముక్క మార్చుకోవచ్చు, ఒకే గాజు షేడుకి ఆ అవకాశం లేదు.

అన్నీ సరిపోయి, ‘డల్లాస్‌లో ఉన్న అన్నయ్యకి పంపేద్దాం’ అనుకుంటే మాత్రం ఆగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువుల్ని మనంతట మనం దేశం దాటించకూడదు. అంత పాతది కాదనుకుంటే, పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ సర్టిఫికెట్ ఇస్తుంది. పార్సిల్ కట్టేముందే దానికి అప్లై చేసుకోండి.