బొంబాయికి రానన్న పాట

‘రాను బొంబాయికి రాను’ పాట 2025లో పెళ్లి బరాత్‌లలో మోగని ఊరు తెలంగాణలో తక్కువ. రాము రాథోడ్ రాసి, ప్రభతో కలిసి పాడారు. దీనికి సినిమా అండ లేదు. యూట్యూబులో విడి పాటగా వచ్చి కోట్ల మందికి చేరింది. పిల్లవాడు మేడలు, చీరలు ఆశ చూపి బొంబాయికి రమ్మంటాడు, పిల్ల ససేమిరా అంటుంది. డీజే పాట కదా అని సాహిత్యం వాళ్లు దీన్ని పక్కన పెట్టేశారు. అది పొరపాటని మా అభిప్రాయం.

ఈ పాట వెనక పాలమూరు వలస ఉంది, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వలస ఉంది. పాలమూరు వాళ్లు మట్టిపనికి, ఇళ్లు కట్టే పనికి పోయారు. మిగతా జిల్లాల పద్మశాలీలు మగ్గం పనికి పోయారు. అలా పోయినవాళ్లలో ఎందరో దిగిన ఊరు బొంబాయి పక్కన ఠాణే జిల్లాలోని భివండీ. ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్లు అక్కడ మనకంటే ముందే మగ్గాలు పెట్టుకున్నారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికులు సమ్మె కట్టారు. మిల్లులు ఒక్కొక్కటే చతికిలబడుతుంటే ఆ పని భివండీ సాంచెల (మరమగ్గాల) మీదికి మళ్లింది. మిల్లులో కార్మికుడికి నెల జీతం, యూనియన్ ఉండేవి. సాంచెల ఖార్ఖానాలో నేసిన మీటర్లకే కూలి. పన్నెండు గంటల పాళీ, ముక్కులో దూది నుసి, చెవుల్లో ఆగని చప్పుడు. 1984 మే నెలలో మతకల్లోలాల్లో ఊరు తగలబడింది. ఆ తర్వాత మళ్లీ సాంచెలు నడిచాయి, మళ్లీ మనవాళ్లే నడిపారు. అక్కడ పని నేర్చుకున్న కొందరు సిరిసిల్లకు తిరిగొచ్చి సొంత సాంచెలు పెట్టుకున్నారు.

పాటలో పిల్లవాడు చూపే ఆశల్లో ఈ ఖార్ఖానా ఉండదు. పిలిచేవాడు దాని ఊసెత్తడు కూడా. చీరల మాట మాత్రం వస్తుంది. రోజూ అన్ని మీటర్ల గుడ్డ నేసే ఊళ్లో ఒక సాలె ఆడమనిషి ఆ మాట వింటే ఏమనుకుంటుందో అని మాకు పదే పదే అనిపిస్తుంది.

గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో ‘కుబుసం’ సినిమాతో ఇంటింటికీ చేరింది. కులవృత్తులు కూలి ఊరు ఖాళీ కావడాన్ని అది పాడింది. ఆ దుఃఖం ఊరందరిది. ఇప్పటి పాటలో ఒక్క ఆడపిల్ల నిలబడి తన సంగతి తాను చెబుతోంది. ఆమె తల్లికి, అమ్మమ్మకు ఆ వీలు దొరకలేదు. పోయినవాళ్లు భివండీలో కండెలు చుట్టారు. ఉన్నవాళ్లు ఊళ్లో బీడీలు చుట్టి, మనియార్డరు కోసం ఎదురుచూశారు. రమ్మన్నా పొమ్మన్నా వాళ్ల మాట అడిగినవాళ్లు లేరు. రానన్న మాటను పల్లవి చేసి, చిందేసే దరువులో పెట్టి, లక్షల ఇళ్లలో ఆడపిల్లల నోట పలికించడం చిన్న సంగతి కాదు. కష్టాన్ని ఏడుపు రాగంలోనే చెప్పాలన్న మన విమర్శకుల అలవాటుకు ఈ పాట అందలేదు. మారాల్సింది ఆ అలవాటే.

భివండీ పద్మనగర్‌లో ఇవాళ్టికీ బతుకమ్మ ఆడతారు. అక్కడి పెద్దవాళ్లకు వలస మీద, సాంచెల మీద, సేట్ల మీద కట్టిన పాటలు గుర్తుంటాయి. వాటిని యూట్యూబులో పెట్టినవాళ్లు అరుదు, పుస్తకంలో అచ్చువేసినవాళ్లు ఇంకా అరుదు. వాళ్ల పిల్లలు మరాఠీ బడుల్లో, ఇంగ్లీషు బడుల్లో చదువుతున్నారు. మరో తరం గడిస్తే పాడేవాళ్లుండరు.

భివండీలో ఉన్న మా పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ పాడే పాటలను ఫోనులో రికార్డు చేయండి. ఏ ఊరి నుంచి ఎప్పుడు వచ్చారో అడిగి రాసుకోండి. మాటలు సరిదిద్దకుండా, ఆమె పలికినట్టే పంపండి. ఈ పత్రికలో వాటికి పేజీలు కేటాయిస్తాం.