సింగరేణి కొనుగోళ్లు: అధికార పరిమితులు

ప్రజాధనముతో నడచు ప్రతి సంస్థయందును, ఏ అధికారి ఎంత సొమ్ము వరకు తన సంతకముతో వ్యయము చేయవచ్చునో తెలుపు పట్టిక యొకటి యుండును. చూచుటకు అది గుమాస్తాల బీరువాలో పడియుండు కాగితమువలె కనబడును. కాని గనిలో చెడిన పంపు రెండు దినములలో మారునా, రెండు నెలలకు మారునా యను ప్రశ్నకు సమాధానము తరచుగా ఆ కాగితమునందే యుండును. సింగరేణి వంటి మహాసంస్థయందు ఈ పట్టికలోని అంకెలు ధరలతోపాటు కదలుచుండవలెననియు, వానిని కదలించుట అధికారులకు చేయు ఉపకారము కాక, కార్మికులకును ప్రజలకును చెల్లింపవలసిన ఋణమనియు మా నిశ్చితాభిప్రాయము.

ఈ యేర్పాటు నడచు తీరు సామాన్యముగా ఇట్లుండును. గనికి కావలసిన వస్తువునకు ఇండెంటు వ్రాయుదురు. అది స్టోర్సునందున్నచో వెంటనే వచ్చును. లేనిచో కొనవలెను. విలువ స్వల్పమైనచో స్థానికాధికారియే ఆమోదించును. పరిమితి దాటినచో కాగితము పై మెట్టునకు పోవును. అచ్చట పరిమితి చాలనిచో ప్రధాన కార్యాలయమునకును, అంతకు మించినచో డైరెక్టర్లకును, తుదకు బోర్డునకును చేరును. ప్రతి మెట్టునను ఆర్థిక శాఖవారి పరిశీలన యుండును. ఇందులో తప్పేమియు లేదు. పెద్ద సొమ్మును పెద్ద బాధ్యత గలవారే పరిశీలింపవలెను. కాని ఏది పెద్ద సొమ్ము, ఏది చిన్న సొమ్ము అను విభజన కాలముతో మారుచుండగా, పట్టికలోని అంకె మారక నిలిచినయెడల, యంత్రము తలక్రిందులగును.

సింగరేణి చరిత్రయే ఈ విషయమున మనకు పాఠము చెప్పుచున్నది. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున నమోదైన హైదరాబాదు దక్కన్ కంపెనీ ఆ గనులపై హక్కులను సంపాదించెను. మన నేల, మన బొగ్గు, మన కూలివాని చెమట. నిర్ణయము మాత్రము సముద్రముల కావల! 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1945లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము దానిలో అధిక భాగము వాటాలను కొనెను. నేడు నూటికి 51 వంతులు తెలంగాణ రాష్ట్రమునకును, 49 వంతులు కేంద్రమునకును చెందియున్నవి. ఈ దీర్ఘ ప్రయాణమంతయు ఒక్క దిశకే సాగినది: నిర్ణయము చేయు చేయి, పని చేయు చేతికి దగ్గర యగుచు వచ్చినది. ఆ ప్రయాణము కొత్తగూడెములోని ప్రధాన కార్యాలయము వద్ద ఆగిపోరాదు. గోదావరిఖని గని ముఖద్వారము వరకును సాగవలెను.

ఇక ధరల మాట. 2011-12 సంవత్సరమును నూరుగా గైకొని ప్రభుత్వము వేయు టోకు ధరల సూచీ 2024-25 నాటికి దాదాపు 155కు చేరినది. చిల్లర ధరల సూచీయైతే 2012ను నూరుగా గైకొన్నచో 2024 డిసెంబరు నాటికి 195కు చేరువయైనది. దీని యర్థమేమి? 2011-12లో ఒక అధికారికి పది లక్షల రూపాయల వరకు ఆమోదించు అధికార మిచ్చి, అటుపై ఆ అంకెను ముట్టకుండ విడిచినచో, టోకు ధరల లెక్కనే చూచినను నేడు ఆయన చేతిలో మిగిలినది సుమారు ఆరున్నర లక్షల అధికారమే. ఏ బోర్డును తీర్మానింపలేదు, ఏ ఉత్తరువును వెలువడలేదు. అయినను మూడవ వంతునకు పైగా అధికారము హరించిపోయినది! నీటి కడవకు సన్నని బీట పడినట్లు, చప్పుడు లేకయే కడవ ఖాళీ యగుచున్నది. పరిమితిని మార్చకుండుట యనగా యథాస్థితిని కాపాడుట కాదు. ఏటేట కొంత కొంతగా అధికారమును పై మెట్లకు లాగికొనుటయే.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమములను చూడుడు. 2005 నాటి నియమములలో కొటేషను లేకుండ కొనదగిన మొత్తము 15,000 రూపాయలు. స్థానిక కొనుగోలు సంఘము ద్వారా కొనదగినది లక్ష. 2017 నియమములలో ఇవి 25,000కును, రెండున్నర లక్షలకును పెరిగినవి. కాని పరిమిత టెండరునకు విధించిన 25 లక్షల హద్దు మాత్రము 2005లో నున్నట్లే 2017లోను నిలిచినది. ఒకే పుస్తకమున ఒక అంకె నడచినది, మరియొక అంకె నిలిచినది. అటుపై 2025 జూన్‌లో శాస్త్ర పరిశోధన సంస్థలకు కొటేషను లేని కొనుగోలు లక్ష నుండి రెండు లక్షలకును, పరిమిత టెండరు 50 లక్షల నుండి కోటికిని పెంచబడినవి. ప్రయోగశాలలో పరిశోధన కాగితముల కొరకు నిలిచిపోరాదన్నదే అందలి తర్కము. ఈ నియమములు రాష్ట్ర యాజమాన్యము ప్రధానముగా గల సింగరేణికి నేరుగా వర్తింపకపోయినను, ఆ తర్కము వర్తింపదా? పరిశోధకుని గాజుపాత్ర కొరకు తొందర యున్నప్పుడు, భూగర్భమున నిలిచి పని చేయు మానవుని తల మీది కప్పును నిలుపు బోల్టు కొరకు తొందర యుండనక్కరలేదా?

గనులకును ఇతర కర్మాగారములకును గల భేదము ఇచ్చటనే యున్నది. కార్యాలయమునకు కుర్చీ ఆలస్యముగా వచ్చినచో గుమాస్తా నిలువబడి వ్రాయును. గనికి కేబులు, పంపు, గాలి పంకా విడిభాగము, క్యాప్ ల్యాంపు, కన్వేయరు బెల్టు ఆలస్యమైనచో ఉత్పత్తియో ప్రాణమో తూగును. గనిలో నీరెంత భయంకరమైనదో గోదావరిఖని వాసులకు మేము చెప్పనక్కరలేదు. 2003 జూన్ 16న అచ్చటి 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులను బలిగొన్నది. ఆ విషాదమును కొనుగోలు కాగితములకు ముడివెట్టుట మా యుద్దేశము కాదు. గనిలో ప్రతి వస్తువు వెనుకను ఒక మనిషి యున్నాడని జ్ఞప్తికి దెచ్చుటయే మా యుద్దేశము. వానకాలము వచ్చిన పిదప పంపునకు ఇండెంటు పైకి పంపి సంతకము కొరకు వేచియుండుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట వంటిదే.

1952 నాటి గనుల చట్టము ప్రతి గనికిని ఒక మేనేజరు ఉండవలెననియు, ఆ గని నిర్వహణకును, పర్యవేక్షణకును ఆయనయే బాధ్యుడనియు శాసించినది. ప్రమాదము జరిగినచో మొదట పిలువబడువాడాయనయే. బాధ్యత అంతయు ఆయనపై నుంచి, ఆ బాధ్యతకు చాలిన కొనుగోలు అధికారమును మాత్రము ధరల పెరుగుదలకు ఆహుతి చేయుట న్యాయమా? ఈ వింత యేర్పాటు మన దేశమునకు క్రొత్త కాదు. 1919 నాటి సంస్కరణల ననుసరించి రాష్ట్రములలో నడచిన ద్వంద్వ పరిపాలనము పాఠకులకు తెలిసినదే. విద్య, ఆరోగ్యము భారతీయ మంత్రుల కప్పగింపబడెను. బొక్కసపు తాళము మాత్రము గవర్నరు పక్షముననే యుంచబడెను. మంత్రులు ప్రజలకు జవాబు చెప్పవలెను, కాని పాఠశాలకు పైకము కొరకు పరుల మొగము చూడవలెను. అధికారము లేని బాధ్యత అవమానకరమని నాడు జాతి యావత్తు ఘోషించినది. నేడు మన సొంత సంస్థలలో ఆ ద్వంద్వమును మనమే పోషించుట తగదు.

పాతబడిన పరిమితి మరియొక దుర్గుణమును గూడ పెంచును. పై మెట్టున కాగితము నిలిచిపోవునని తెలిసిన అధికారి, ఒక అవసరమును రెండు మూడు తునకలు చేసి, ఒక్కొక్క తునకను తన పరిమితికి లోబడునట్లు వ్రాయుటకు పురికొల్పబడును. అట్లు విడదీయరాదని 2017 కేంద్ర నియమములే స్పష్టముగా నిషేధించినవి. అయినను పని నడువవలెనన్న తపనతో సత్పురుషుడు చేసిన తునకయు, దళారితో లాలూచీపడిన వాడు చేసిన తునకయు కాగితముపై ఒక్కతీరుననే కనబడును. నిజాయితీపరుని నియమభంగమునకు నెట్టు నియమము దొంగకు చాటునిచ్చును. అంతేకాదు, విడివిడిగా కొనుట వలన ధర హెచ్చును. ఆ హెచ్చు భారము సంస్థమీదను, తుదకు ప్రజలమీదను పడును.

దీనికి ఎదురు చెప్పువారున్నారు. పరిమితి పెంచినచో అవినీతి పెరుగునని వారి భయము. ఈ భయము నిరాధారమైనదని మేము చెప్పజాలము. బొగ్గు నేలపై కాంట్రాక్టుల చుట్టును, సరఫరాల చుట్టును పైరవీలు మూగుట అందరెరిగినదే. స్థానికాధికారికి స్థానికుల ఒత్తిడి హెచ్చుగా తగులు మాటయు నిజమే. కాని మేమొక్కటి యడుగుచున్నాము: ఏడు సంతకములు గల కాగితము ఏడురెట్లు శుద్ధమైనదా? ఏడుగురు సంతకము చేసినచోట ఏ యొక్కడును జవాబుదారి కాడు. క్రిందివాడు పైవాడు చూచునని చేయును, పైవాడు క్రిందివాడు చూచియుండునని చేయును. అవినీతికి మందు దూరము కాదు, వెలుతురు.

సంస్థ కష్టదశలో నున్నప్పుడు కఠిన నియంత్రణము సమంజసమే. 1990 దశకమున సింగరేణి ఖాయిలా పరిశ్రమల బోర్డు గుమ్మము తొక్కవలసి వచ్చినప్పుడు ప్రతి రూపాయికిని కావలి యుండవలసినదే. నేడో? 2024-25లో సంస్థ సుమారు 690 లక్షల టన్నుల బొగ్గును వెలికిదీసినది. 2025లో పంచదగిన లాభము 2,360 కోట్లని లెక్కించి, అందులో 34 శాతము కార్మికుల వాటాగా ప్రకటింపబడినది. ఇంతటి సంస్థను నడుపువారికి జ్వరమునాటి పథ్యమునే నిత్యభోజనముగా విధించుట వివేకము కాదు. ఆ పథ్యమును విడుచుట యనగా మితిమీరి తినుట యనియు కాదు.

కనుక మా సూచనలివి. పరిమితులను బోర్డువారు రెండేండ్ల కొకసారి టోకు ధరల సూచీని బట్టి సవరించునట్లు కొనుగోలు విధానమునందే నియమము చేయవలెను. ఒకరి దయపైనను, ఒకరి మఱపుపైనను అది ఆధారపడరాదు. చిల్లర ధరల సూచీని గాక టోకు సూచీని మేము కోరుటకు కారణము, గనులు కొనునది బియ్యము, కూరలు కాక, ఇనుము, రబ్బరు, యంత్రభాగములు గనుక. రెండవది, రక్షణ సామగ్రికిని, హఠాత్తుగా చెడిన యంత్రములకును వేరు పరిమితి యుండవలెను. అట్టి కొనుగోలును వారములోగా పై అధికారికి కారణసహితముగా నివేదింపవలెను. మూడవది, ఒక్కొక్క కొనుగోలునకే గాక, ఒక అధికారి ఏడాది మొత్తముమీద వ్యయము చేయదగిన సొమ్మునకును హద్దుండవలెను. తునకల మాయకు అదియే విరుగుడు. నాలుగవది, నిత్యము వాడు వస్తువులకు ముందుగనే పోటీ టెండరుతో ఏడాది ధర నిర్ణయించి యుంచినచో, అవసరమైననాడు ధర కొరకు వెదకు పని యుండదు. అయిదవది, పై మెట్టునకు పోయిన ప్రతి కాగితమునకును గడువుండవలెను. గడువు దాటినచో ఆపినవాడు కారణము వ్రాయవలెను. నేడు కొనినవానికే విచారణ యున్నది, ఆపినవానికి లేదు. ఆలస్యము చేయుటకును ధర కలదని పుస్తకములకెక్కవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆరవది. ప్రతి ఏరియాలోను నెలకొకసారి, ఏ వస్తువు, ఎంత, ఏ ధరకు, ఎవరివద్ద, ఏ అధికారి ఆమోదముతో కొనబడెనో తెలుపు పట్టికను తెలుగులో ప్రకటింపవలెను. కార్యాలయపు తలుపున అంటించినను చాలును. 2005 నాటి సమాచార హక్కు చట్టమే ప్రభుత్వ సంస్థలు అడుగక ముందే వివరములు వెల్లడింపవలెనని కోరుచున్నది. ఆ వస్తువును చేతబట్టి పనిచేయువాడు కార్మికుడే. బూటు అడుగు మూడు నెలలకే ఊడిన సంగతి ఆడిటరుకంటె ముందు వానికే తెలియును. వాని కన్నుకంటె మించిన తనిఖీ యెచ్చట దొరకును? కార్మిక సంఘములు సైతము నియామకముల కొరకును, బోనసు కొరకును చూపు పట్టుదలలో కొంత ఈ పట్టికను చదువుటయందును చూపవలెనని మా వినతి.

ఒక మాట స్పష్టము చేయుదుము. మట్టి తొలగింపు కాంట్రాక్టులు, భారీ యంత్రముల కొనుగోళ్లు వంటి కోట్ల వ్యవహారములను క్రింది మెట్టునకు దింపుమని మేము కోరుటలేదు. అవి బోర్డువారి కండ్లముందే యుండవలెను. నిజమునకు చిన్న కాగితముల గుట్టలనుండి బోర్డువారిని విముక్తులను చేసిననాడే ఆ పెద్ద వ్యవహారములను నిదానముగా పరిశీలింప వారికి తీరిక చిక్కును. గోరుతో పోవుదానికి గొడ్డలి యెత్తువాడు, గొడ్డలి కావలసిననాడు అలసి కూర్చుండును.

సింగరేణి పెట్టుబడిదారుని సొత్తు కాదు; ప్రజల సొత్తు. ప్రజల సొత్తును కాపాడుటకు రెండు మార్గములున్నవి. ఒకటి, ఎవ్వరిని నమ్మక అందరిని ఆపుట. రెండవది, తగినవానిని నమ్మి, వాని చేత జగమెరుగ లెక్క చెప్పించుట. మొదటిది పరాయి పాలకులు మనయెడ నడపిన రీతి. రెండవది స్వతంత్రజాతికి తగిన రీతి. ప్రభుత్వమువారును, బోర్డువారును ఈ రెండవ రీతిని వరించి, రాబోవు వానలకు ముందే ఏరియాల కొనుగోలు పరిమితులను పరిశీలించి సవరింతురు గాక.