జామ వేరు, జామ్ వేరు

బడికి వేళ మించుతున్నప్పుడు రెండు రొట్టెముక్కలకు జామ్ పూసి పిల్లల చేతికివ్వడం చాలా ఇళ్ళలో అలవాటైంది. సీసా మీద మామిడి, అనాస, ఆపిల్ పండ్ల బొమ్మలు నిగనిగలాడుతుంటాయి. పిల్లలు పండ్లు తిన్నట్లేనని పెద్దలు తృప్తి పడతారు. మధుమేహమున్న తాతగారి చేత కాఫీలో చక్కెర మాన్పించిన ఇంట్లోనే, "పండే గదా!" అని ఆయన రొట్టెకు జామ్ పూస్తారు. ఈ నమ్మకం సరైనది కాదు.

జామ్‌లో పండు లేదని కాదు. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం సాధారణంగా నూటికి 45 వంతులకు తగ్గకుండా పండు వాడాలి. అయితే తయారైన జామ్‌లో కరిగి ఉన్న పదార్థాలు 65 వంతులకు తగ్గరాదు. వాటిలో అధికభాగం చక్కెరే. జామ్ గట్టిపడడానికి, నిలవ ఉండడానికి అది అవసరం. నిండు చెంచా జామ్ 20 గ్రాములనుకుంటే, అందులో సుమారు 12 గ్రాముల చక్కెర ఉంటుంది. తాతగారు కాఫీలో మూడు చిన్న చెంచాల చక్కెర వేసుకున్నట్లే!

ఈ చక్కెర చిన్నప్రేగులో గ్లూకోజుగాను, ఫ్రక్టోజుగాను విడిపోతుంది. గ్లూకోజు త్వరగా రక్తంలో చేరుతుంది. ఫ్రక్టోజులో చాలాభాగం కాలేయానికి పోతుంది. కనుక ఉత్త గ్లూకోజు తిన్నంత వేగంగా జామ్ రక్తంలోని గ్లూకోజును పెంచదు. కాని దాని కింద ఉన్న రొట్టెలోని పిండిపదార్థం కూడా గ్లూకోజుగానే మారుతుంది. ఆరోగ్యవంతుల్లో క్లోమం ఇన్సులిన్‌ను విడుదల చేసి ఈ పెరుగుదలను అదుపు చేస్తుంది. మధుమేహ రోగుల్లో ఆ అదుపు చాలదు. మన దేశంలో అటువంటివారు సుమారు 10 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది.

జామపండు సంగతి వేరు. దానిలో చక్కెర తక్కువ, పీచు ఎక్కువ. నమిలి తినాలి, కడుపు నిండుతుంది, చక్కెర నెమ్మదిగా రక్తంలో చేరుతుంది.

కొన్ని సీసాల మీద "చక్కెర కలపలేదు" అని ఉంటుంది. చక్కెరకు బదులు చిక్కబరచిన పండ్లరసం వాడితే, అదీ చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో తేనెను, పండ్లరసాలను కూడా పరిమితం చేయవలసిన చక్కెరల్లోనే చేర్చింది.

చెంచాడు జామ్‌కు ఇంత రాద్ధాంతమా అని కొందరనవచ్చు. జామ్ విషం కాదు. ఎప్పుడైనా మిఠాయి తిన్నట్లు కొద్దిగా తినవచ్చు. దానిని పండ్ల లెక్కలో వేయడమే తప్పు. పండు బొమ్మను అంత పెద్దదిగా వేసేవారు, చక్కెర ఎంతో కూడా దాని పక్కనే అంత పెద్ద అక్షరాల్లో ముద్రించడం న్యాయం. అంతవరకు సీసా వెనుక ఉన్న పట్టికే ఆధారం. అది తరచు ఇంగ్లీషులో ఉంటుంది. బడిలో ఆ అక్షరాలు నేర్చిన మనుమరాలు దానిని చదివి, తాతగారికి తెలుగులో చెప్పగలిగితే, ఆ ఇంటికి అదే మేలు.